పాత హాలీవుడ్ సినిమా డిస్క్ కొంటున్నారా? ముందు బాక్స్ వెనక చదవండి

పాత అమెరికన్ యాక్షన్ సినిమాలు, డ్రామాలు డిస్క్‌ల మీద కొనుక్కుందామనుకుంటున్నాం, ఏవి కొనమంటావు అని ఈ మధ్య తెలిసినవాళ్ళు ముగ్గురు నలుగురు అడిగారు. అందరికీ ఒకటే చెప్పాను. ఏ సినిమా కొనాలన్నది మీ ఇష్టం, కానీ ఆ సినిమా ఏ డిస్క్ అన్నది చూసుకోకుండా మాత్రం డబ్బులు పెట్టకండి. ఒకే సినిమా ఇరవై ఏళ్ళలో నాలుగైదు సార్లు డిస్క్ మీద వస్తుంది, ప్రతిసారీ ఒక్కో రకంగా వస్తుంది. ఒకదాంట్లో బొమ్మ పక్కలు కోసేసి ఉంటారు, ఒకదాంట్లో మనుషుల మొహాలు మైనం పూసినట్టుంటాయి, ఇంకోదాంట్లో తుపాకీ మోతలే మార్చేసి ఉంటారు. బయట కవర్ మీద హీరో ఫోటో మాత్రం అన్నిటికీ ఇంచుమించు ఒకటే.

నేను తెనాలిలో పెరిగాను. మాకు ఇంగ్లీషు సినిమా అంటే షాపులో అద్దెకిచ్చే వీసీడీ. సినిమాకి రెండు డిస్క్‌లు, సరిగ్గా ఛేజింగ్ మొదలయ్యే టైముకి మొదటిది అయిపోయేది, లేచి రెండోది పెట్టాలి. 352 బై 288 చుక్కల బొమ్మ అది, రాత్రి సీన్లలో ఎవరు ఎవరిని కొడుతున్నారో తెలిసేది కాదు. అయినా చాలా ఇష్టంగా చూశాం. తర్వాత డాలస్ వచ్చాక అవే సినిమాలు మంచి డిస్క్‌ల మీద మళ్ళీ చూడటం మొదలుపెట్టాను, అప్పుడు అర్థమైంది, నేను చాలా సినిమాలు సగమే చూశానని. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే సీనులో ఒకళ్ళ మాటకి రెండోవాళ్ళ మొహం ఎలా మారుతోందన్నదే అసలు సంగతి. మా వీసీడీలో ఎప్పుడూ ఒక్క మొహమే ఉండేది, రెండోది కోతలో పోయింది.

బాక్స్ వెనక ఏం చూడాలి

అన్నిటికన్నా ముందు బొమ్మ వెడల్పు చూడండి. 1953లో సినిమాస్కోప్ వచ్చాక హాలీవుడ్ సినిమాలు వెడల్పు తెరకి మారాయి. మామూలు డ్రామాలు ఎక్కువగా 1.85:1లో (అంటే వెడల్పు ఎత్తుకి 1.85 రెట్లు), భారీ సినిమాలు, యాక్షన్ సినిమాలు చాలావరకు 2.35 లేదా 2.39:1లో తీశారు. పాత టీవీ మాత్రం 1.33:1, అదే మనం 4:3 అనేది. వెడల్పు సినిమాని ఆ టీవీ నిండా పట్టించాలని రెండు పక్కలా కోసి, ముఖ్యమనుకున్న వైపుకి బొమ్మని జరుపుతూ పోయేవాళ్ళు. దీన్ని పాన్ అండ్ స్కాన్ అంటారు. 2.35 సినిమాని అలా కోస్తే దాదాపు 43 శాతం బొమ్మ పోతుంది, 1.85 అయితే 28 శాతం. నేను చెప్పిన ఆ రెండో మొహం పోయింది ఇలాగే. డీవీడీ కవర్ మీద 'ఫుల్‌స్క్రీన్' అనో 'టీవీకి తగ్గట్టు మార్చబడింది' అనో ఉంటే చాలావరకు అర్థం ఇదే. అలాంటిది ఉచితంగా ఇచ్చినా వద్దనండి, 'వైడ్‌స్క్రీన్' అన్నదే తీసుకోండి.

ఇందులో రెండు మెలికలు ఉన్నాయి. 1953కి ముందు సినిమాలు అసలే చతురస్రానికి దగ్గరగా, 1.37:1లో తీశారు. వాటికి ఫుల్‌స్క్రీన్ అని ఉంటే తప్పు కాదు, అదే సరైన బొమ్మ, రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తే రానివ్వండి. రెండోది, కొన్ని సినిమాలకి నెగెటివ్ మీద పైనా కిందా ఎక్కువ బొమ్మ ఉంటుంది, థియేటర్లో దాన్ని మూసి చూపిస్తారు. ఫుల్‌స్క్రీన్ కాపీలో ఆ మూత తీసేస్తారు, అప్పుడు ఎక్కువ కనపడుతోంది కదా మంచిదే అనిపిస్తుంది. కానీ ఆ భాగం మనకి చూపించాలని తీసింది కాదు, ఒక్కోసారి పైనుంచి మైకు కూడా దిగుతుంది. కెమెరామెన్ ఏ ఫ్రేము అనుకుని తీశాడో అది చూడండి. 1954 నాటి 'ఆన్ ద వాటర్‌ఫ్రంట్' లాంటివి సరిగ్గా మార్పు కాలంలో వచ్చాయి కాబట్టి ఏది సరైన వెడల్పు అన్నదాని మీదే వాదన ఉంది. అందుకే పాత సినిమాలని శ్రద్ధగా డిస్క్‌ల మీద వేసే క్రైటీరియన్ సంస్థ 2013లో ఆ సినిమాని మూడు వెడల్పుల్లోనూ ఇచ్చింది. డిస్క్ వేసేవాళ్ళు ఇంత శ్రద్ధ పెడితే నాకు చాలా ముచ్చటేస్తుంది.

వైడ్‌స్క్రీన్ అని చూసి ఆగిపోకండి. డీవీడీ అయితే దాని పక్కనే 'ఎన్‌హాన్స్‌డ్ ఫర్ 16:9' అనో 'ఎనామార్ఫిక్' అనో ఉందా చూడాలి. డీవీడీలు అమెరికాలో 1997లో మొదలయ్యాయి, మొదటి మూడు నాలుగేళ్ళలో వచ్చిన కొన్నిటికి ఇది లేదు. వాటిని ఇప్పటి టీవీలో పెడితే పైనా కిందా పక్కలా నలుపు వచ్చి మధ్యలో చిన్న కిటికీలాగా సినిమా కనపడుతుంది, జూమ్ చేస్తే మసకేస్తుంది. జేమ్స్ కామెరాన్ సినిమాలు 'ట్రూ లైస్', 'టైటానిక్' 1999 డీవీడీలు, 'ది అబిస్' 2000 డీవీడీ ఇలాంటివే. అంత పెద్ద సినిమాలు కదా బాగానే ఉంటాయిలే అనుకుని చాలామంది కొంటారు, ఇప్పటికీ సెకండ్ హ్యాండ్ షాపుల్లో అవే ఎక్కువ దొరుకుతాయి.

తర్వాత నిడివి. ఎన్ని నిమిషాలు అని వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది, అది రెండు సంగతులు చెప్తుంది. ఒకటి, ఏ వెర్షన్ అన్నది. 'ఏలియన్స్' థియేటర్లో వచ్చింది 137 నిమిషాలు, స్పెషల్ ఎడిషన్ 154. 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ అమెరికా' అయితే ఘోరం, 229 నిమిషాల సినిమాని 1984లో అమెరికాలో 139కి కోసి, వెనక్కీ ముందుకీ నడిచే కథని వరస క్రమంలో పేర్చి విడుదల చేశారు. మొదటిసారి చూసేవాళ్ళు 229 నిమిషాలదే చూడండి, తర్వాత వచ్చిన 251 నిమిషాల వెర్షన్ ఆ సినిమా మీద ప్రేమ పుట్టాక చూసుకోవచ్చు. 'బ్లేడ్ రన్నర్'కి 2007లో ఏకంగా ఐదు వెర్షన్లతో సెట్ వచ్చింది. నా లెక్క ఏమిటంటే రెండు వెర్షన్లూ ఉన్న డిస్క్ దొరికితే అదే కొనాలి, ముందు థియేటర్ వెర్షన్ చూడాలి.

నిడివి చెప్పే రెండో సంగతి వేగం. సినిమా సెకనుకి 24 ఫ్రేములు. యూరప్, ఇండియా, ఆస్ట్రేలియాల్లో వాడే పాల్ పద్ధతి డీవీడీలో 25గా నడుస్తుంది, అంటే 4 శాతం తొందరగా అయిపోతుంది. 120 నిమిషాల సినిమా 115కే అయిపోతుంది, గొంతులు కూడా కొంచెం పలచబడతాయి, అలవాటైన నటుడి గొంతు అయితే తేడా పట్టేస్తారు. కాబట్టి 137 ఉండాల్సింది పాల్ డీవీడీ మీద 131, 132 అని ఉంటే ఏదో కోసేశారని టెన్షన్ పడొద్దు. ఈ గొడవ డీవీడీతోనే, బ్లూ-రేలో సినిమాలు ఏ దేశంలో కొన్నా దాదాపు ఎప్పుడూ 24గానే ఉంటాయి.

సౌండ్ గురించి చాలామంది పట్టించుకోరు, నాకు మాత్రం ఇది పెద్ద విషయం. 1970ల సినిమాలు చాలావాటికి, 80లవి కొన్నిటికి అసలు సౌండు మోనో, అంటే ఒకే ఛానెల్. హోమ్ థియేటర్లు వచ్చాక పాత సౌండ్ అమ్ముడుపోదని 5.1గా, అంటే చుట్టూ ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్‌కి సరిపడేలా, మళ్ళీ కలిపారు. కొన్ని జాగ్రత్తగా చేశారు, కొన్నిటికి కొత్త శబ్దాలు అతికించారు. 1984 'ద టెర్మినేటర్' మోనో సినిమా, 5.1 చేసినప్పుడు తుపాకీ మోతలు కూడా మార్చారు, పాత ప్రింట్ విని పెరిగినవాళ్ళకి అది వేరే సినిమాలా వినపడుతుంది. 'జాస్' మొదటి డీవీడీలో అసలు మోనో లేనే లేదు, 2005 డీవీడీకి వచ్చింది. అందుకని ఆడియో దగ్గర 'ఒరిజినల్ మోనో' అనో '1.0', '2.0 మోనో' అనో ఉంటే ఆ డిస్క్‌కి నా దగ్గర ఒక మార్కు ఎక్కువ. 5.1 కూడా ఉండనివ్వండి, రెండూ విని మీరే తేల్చుకోండి.

ఇంట్లో పెద్దవాళ్ళతో చూసేవాళ్ళు సబ్‌టైటిల్స్ సంగతి తప్పకుండా చూడాలి. మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు న్యూయార్క్ పోలీసుల యాస, అమెరికా దక్షిణాది రైతుల యాస చదువుకుంటేనే అర్థమయ్యేవి. పాత అమెరికన్ డీవీడీల మీద కొన్నిటికి 'క్లోజ్డ్ క్యాప్షన్డ్' అని మాత్రమే ఉంటుంది. అది సబ్‌టైటిల్ కాదు, పాత టీవీలోని చిప్ చదువుకునే సంకేతం, హెచ్‌డీఎమ్ఐ కేబుల్‌లో అది రాదు. అంటే ఇప్పటి ప్లేయర్, ఇప్పటి టీవీ పెట్టుకుంటే చాలావరకు ఒక్క అక్షరం కనపడదు. 'ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్' అనో 'ఇంగ్లిష్ ఎస్‌డీహెచ్' (వినికిడి తక్కువవాళ్ళ కోసం చేసిన సబ్‌టైటిల్స్) అనో స్పష్టంగా రాసి ఉండాలి. బ్లూ-రేలకి సాధారణంగా ఉంటుంది.

ఒకే సినిమా, ఏ ఎడిషన్

బాక్స్ మీద రాయని సంగతులు కూడా ఉన్నాయి, అసలు నష్టం వాటి దగ్గరే. ఫిల్మ్ మీద తీసిన సినిమాకి గ్రెయిన్ ఉంటుంది, సన్నటి ఇసుక కదులుతున్నట్టు. అది మచ్చ కాదు, బొమ్మ తయారైందే దాంతో. కొన్ని కంపెనీలు కొత్త టీవీల్లో నున్నగా కనపడాలని ఆ గ్రెయిన్‌ని కంప్యూటర్‌తో తుడిచేస్తాయి, దాంతోపాటు చర్మం మీది గీతలు, చెమట, బట్ట నేత అన్నీ పోతాయి. 'ప్రెడేటర్' 2010 బ్లూ-రే దీనికి బాగా పేరుమోసిన ఉదాహరణ. అడవిలో, బురదలో, చెమటతో నడిచే సినిమా అది, ఆ డిస్క్‌లో సైనికులు షాపులో పెట్టిన మైనపు బొమ్మల్లా ఉంటారు. 2018లో వచ్చిన 4కె డిస్క్‌లో గ్రెయిన్ తిరిగొచ్చింది, కొంటే అది కొనండి. 'టెర్మినేటర్ 2' 2017 4కె కూడా ఇలాగే నున్నగా వచ్చింది. 4కె అని రాసి ఉంటే అదే మంచిదన్న నమ్మకం పెట్టుకోకండి, దాని పాత బ్లూ-రేనే ఇష్టపడేవాళ్ళు చాలామంది.

'ట్రూ లైస్' అభిమానులది ఇంకో కథ. ఆ 1999 డీవీడీ తర్వాత అమెరికాలో మంచి డిస్క్ కోసం పాతికేళ్ళు చూశారు, చివరికి 2024 మార్చిలో 'ఏలియన్స్', 'ది అబిస్'లతో పాటు 4కె వచ్చింది. వస్తే ఏమైంది, సాఫ్ట్‌వేర్‌తో బొమ్మకి పదును పెట్టారు. జుట్టు, ముడతలు, కళ్ళ చుట్టూ గీతలు గీసినట్టు కనపడుతున్నాయని చాలామంది బాధపడ్డారు. 'ది అబిస్' మీద అంత గొడవ రాలేదు. నేను 'ట్రూ లైస్' కొన్నాను, ఆ డీవీడీ కంటే వంద రెట్లు నయం, కానీ దగ్గర షాట్లు వచ్చినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

రంగుల విషయంలో 'ద ఫ్రెంచ్ కనెక్షన్' తెలుసుకోవాల్సిన కేసు. 1971 సినిమా, ఉత్తమ చిత్రం సహా ఐదు ఆస్కార్లు వచ్చాయి, న్యూయార్క్ చలికాలం మురికి మొత్తం అందులో ఉంటుంది. 2009 బ్లూ-రేకి దర్శకుడు విలియం ఫ్రీడ్‌కిన్ తనే కూర్చుని రంగులు మార్చాడు, తెలుపు నలుపు బొమ్మ మీద రంగు అద్దినట్టు చేశాడు. కెమెరామెన్ ఓవెన్ రోయిజ్‌మన్ తనని అడగకుండా ఇలా చేశారని బహిరంగంగానే కోప్పడ్డాడు. 2012లో మళ్ళీ సరైన రంగులతో ఇంకో బ్లూ-రే వేశారు. దర్శకుడు ఒప్పుకున్నాడు కదా అని ఫిల్మ్ నుంచి డిస్క్‌కి ఎక్కించిన ప్రతి ట్రాన్స్‌ఫరూ సరైనదే అనుకోకూడదని నాకు అర్థమైంది దీంతోనే. ఇదే సినిమాకి 2023లో స్ట్రీమింగ్‌లో ఒక సీనులో కొన్ని మాటలు ఎగిరిపోయాయి, ముందుగా ఎవరికీ చెప్పలేదు, చూస్తున్నవాళ్ళే కనిపెట్టారు. మీ అల్మారాలో ఉన్న డిస్క్‌ని రాత్రికి రాత్రి ఎవరూ వచ్చి మార్చలేరు, నేను డిస్క్‌లు కొనడానికి ఇంతకంటే పెద్ద కారణం లేదు.

మరి బాక్స్ మీద లేనిది ఎలా తెలుస్తుంది అంటే, కొనేముందు పది నిమిషాలు వెతకాలి. డీవీడీ బీవర్, బ్లూ-రే డాట్ కామ్ లాంటి సైట్లలో ఎడిషన్ల వారీగా ఫ్రేములు తీసి పెడతారు. ఒకే ఫ్రేము రెండు డిస్క్‌ల నుంచి పక్కపక్కన పెట్టుకుని మొహం మీద, ఇటుక గోడ మీద, ఆకాశం మీద చూడండి. మొహం మీద రంధ్రాలు కనపడుతున్నాయా, గోడ అంచుల చుట్టూ తెల్లటి గీత వస్తోందా, ఆకాశంలో గ్రెయిన్ కదలకుండా గడ్డకట్టిందా. రేటింగ్ నక్షత్రాలు చూసి మోసపోకండి, చాలా రివ్యూలు నున్నగా ఉంటే మంచి మార్కులు వేసేస్తాయి. వెతికేటప్పుడు సినిమా పేరుతో పాటు డిస్క్ వచ్చిన సంవత్సరం, కంపెనీ పేరు కలిపి వెతకండి.

డీవీడీనా, బ్లూ-రేనా, 4కెనా

అమెరికన్ డీవీడీ 720 బై 480, బ్లూ-రే 1920 బై 1080, 4కె 3840 బై 2160. 35 ఎంఎం ఫిల్మ్‌లో డీవీడీ చూపించగలిగిన దానికన్నా చాలా ఎక్కువ ఉంది కాబట్టి పాత సినిమా కదా డీవీడీ చాలదా అన్న మాట తప్పు. నా సలహా బ్లూ-రేతో మొదలుపెట్టండి, సెకండ్ హ్యాండ్‌లో చవక, తేడా వెంటనే తెలుస్తుంది, ముఖ్యంగా తెలుపు నలుపు డ్రామాల్లో. 4కె నిజంగా నచ్చిన పది పదిహేను సినిమాలకి పెట్టుకోండి. డీవీడీ మీదే ఆగిపోయిన సినిమాలు ఇప్పటికీ ఉన్నాయి, వాటికి డీవీడీనే గతి, దానికి సిగ్గుపడక్కర్లేదు. 4కె డిస్క్ మామూలు బ్లూ-రే ప్లేయర్లో ఆడదు, కానీ 4కె ప్లేయర్లో మూడూ ఆడతాయి. డిస్క్ డ్రైవ్ ఉన్న పీఎస్5 గానీ, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ గానీ ఇంట్లో ఉంటే వేరే ప్లేయర్ కొనే పని లేదు. ఒప్పో 2018లో, శాంసంగ్ 2019లో ఈ ప్లేయర్ల నుంచి తప్పుకున్నాయి, తయారుచేసేవాళ్ళు తగ్గిపోతున్నారు, కాబట్టి మంచి ప్లేయర్ ఉంటే జాగ్రత్తగా చూసుకోండి.

ఇండియాకి డిస్క్‌లు పట్టుకెళ్ళేవాళ్ళు రీజియన్ చూడాలి. డీవీడీకి అమెరికా 1, ఇండియా 5. బ్లూ-రేకి అమెరికా ఎ, యూరప్ బి, ఇండియా సి. 4కె డిస్క్‌లకి రీజియన్ లేదు, ఎక్కడైనా ఆడతాయి. అమెరికాలో వచ్చిన బ్లూ-రేల్లో కూడా వార్నర్, పారమౌంట్ వాళ్ళవి చాలావరకు ఏ రీజియన్లో అయినా ఆడతాయి, క్రైటీరియన్ బ్లూ-రేలు మాత్రం ఎ రీజియన్‌కే. కంప్యూటర్ డ్రైవ్‌లో డీవీడీ రీజియన్ ఐదు సార్లే మార్చుకోవచ్చు, ఐదోసారి పెట్టింది అలాగే ఉండిపోతుంది. ఇక్కడి ప్లేయర్‌నే తీసుకెళ్ళి నాన్నగారికి ఇద్దాం అనుకుంటే వెనక అంటించిన లేబుల్ చూడండి, 100-240 వోల్టులు అని ఉంటే పిన్ మార్చుకుంటే చాలు, ఒక్క 120 అనే ఉంటే మన 230కి నేరుగా పెట్టారంటే కాలిపోతుంది.

ఎక్కడ కొనాలి, చేతిలోకి తీసుకుని ఏం చూడాలి

కొనకముందు అమెరికాలో ఉన్నవాళ్ళు ఊరి పబ్లిక్ లైబ్రరీకి వెళ్ళండి. డీవీడీలు, బ్లూ-రేలు అద్దె లేకుండా ఇస్తారు, సినిమా నచ్చుతుందో లేదో అక్కడే తేలిపోతుంది. డాలస్ వైపు హాఫ్ ప్రైస్ బుక్స్ అనే పాత పుస్తకాల షాపు, ఎక్కడైనా గుడ్‌విల్ లాంటి షాపుల్లో రెండు మూడు డాలర్లకే మంచివి దొరికిన రోజులున్నాయి నాకు. క్రైటీరియన్ డిస్క్‌లు మామూలు ధరకి కొనకండి, బార్న్స్ అండ్ నోబుల్ పుస్తకాల షాపుల్లో జులైలో, నవంబర్‌లో సగం ధర సేల్ పెడుతుంటారు, అప్పటిదాకా ఆగండి.

షాపులో కొంటే బాక్స్ తెరిచి చూడాల్సిందే. ఒకసారి ఆన్‌లైన్లో ఒకాయన దగ్గర వైడ్‌స్క్రీన్ అన్న కవర్ ఫోటో చూసి కొన్నాను, లోపల ఫుల్‌స్క్రీన్ డిస్క్ ఉంది, అదీ మధ్య బొడిపె విరిగి బాక్స్‌లో దొర్లుతూ వచ్చింది. అప్పట్నుంచి డిస్క్ మీది పేరు, ఎడిషన్ చదివే కొంటున్నాను, ఆన్‌లైన్ అయితే డిస్క్ ఫోటో అడుగుతాను. ఫోన్ లైటు వేసి డిస్క్‌ని వాలుగా పట్టుకోండి. మధ్య నుంచి అంచుకి నిలువుగా ఉన్న సన్న గీతలతో పెద్ద ఇబ్బంది లేదు, గుండ్రంగా ట్రాక్ వెంబడి పోయిన గీతతోనే చిక్కు. తర్వాత డిస్క్‌ని లైటుకి అడ్డం పెట్టి చూడండి, సూదిపోట్లలా వెలుతురు వస్తున్నా, అంచు దగ్గర పొగ పట్టినట్టో రాగి రంగుకి తిరిగినట్టో ఉన్నా వదిలేయండి, లోపలి పొర పాడవుతోందన్నమాట. 2006 నుంచి 2008 మధ్య తయారైన తమ డీవీడీలు కొన్ని పాడవుతున్న సంగతి వార్నర్ సంస్థే 2025లో ఒప్పుకుంది, పాడైనవి మార్చి ఇస్తామంది. ఆ కాలం వార్నర్ డీవీడీలు మీ దగ్గర ఉంటే ఈ ఆదివారమే తీసి ఒకసారి ఆడించి చూసుకోండి.

రెండు వైపులా మెరిసే డిస్క్ కనపడితే కంగారు పడకండి. తొలి డీవీడీల్లో కొన్ని అలాగే వచ్చాయి, 'గుడ్‌ఫెల్లాస్' 1997 డీవీడీ సగం సినిమా అయ్యాక తిప్పి పెట్టాలి, అచ్చం మా వీసీడీలాగే. దొరికినా కొనొద్దు, తర్వాత వచ్చినవి బాగున్నాయి. కింది వైపు ఊదా రంగులో ఉంటే ఇంట్లో రాసుకున్న డిస్క్ అని అనుమానం రావాలి, కవర్ ప్రింట్ మసగ్గా ఉందా, కంపెనీ పేరు ఉందా చూడాలి. కానీ 2009లో మొదలైన వార్నర్ ఆర్కైవ్ డీవీడీలు అడిగినవాళ్ళకి అడిగినట్టు రాసి ఇచ్చినవే, వాటి రంగు కూడా అదే, అవి నకిలీ కాదు. వేరే ఎక్కడా దొరకని పాత డ్రామాలు చాలా వాటిలోనే ఉన్నాయి.

టీవీ సరిచేయకుండా చూడొద్దు

ఇంత చూసుకుని కొన్న డిస్క్‌ని టీవీ పాడుచేస్తుంది. షాపు నుంచి వచ్చిన టీవీలో బొమ్మల మధ్య లేని బొమ్మలు పుట్టించి నున్నగా జరిపే సెట్టింగ్ ఆన్‌లో ఉంటుంది. సినిమా కాస్తా సీరియల్‌లా అయిపోతుంది, కార్ల ఛేజ్ అయితే బొమ్మ కార్లు జారుతున్నట్టుంటుంది. ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో, శాంసంగ్‌లో ఆటో మోషన్ ప్లస్ లేదా పిక్చర్ క్లారిటీ అని ఉంటుంది, వెళ్ళి ఆపేయండి. 'ఫిల్మ్‌మేకర్ మోడ్' ఉంటే అది పెట్టండి, లేకపోతే సినిమా మోడ్, 'వివిడ్' మాత్రం ఎప్పుడూ వద్దు. షార్ప్‌నెస్ బాగా తగ్గించండి, నాయిస్ రిడక్షన్ ఆపేయండి, లేకపోతే డిస్క్‌లో ఉంచిన గ్రెయిన్‌ని టీవీ తుడిచేస్తుంది. ప్లేయర్లో 24పి అవుట్‌పుట్, అంటే సినిమాని సెకనుకి 24 ఫ్రేములుగానే పంపే సెట్టింగ్, ఆన్ చేయండి. మా నాన్నగారికి మొదట ఈ మోడ్ పచ్చగా, డల్‌గా అనిపించింది, రెండు సినిమాలు అయ్యేసరికి కళ్ళు అలవాటుపడ్డాయి, ఇప్పుడు ఆయనే పక్కింటివాళ్ళ టీవీ సరిచేస్తున్నారు.

నల్ల పట్టీలు పోవాలని బొమ్మని సాగదీయకండి. 4:3 సినిమాని తెర నిండా సాగదీస్తే మనుషులందరూ పొట్టిగా లావుగా కనపడతారు. టీవీలో 'ఒరిజినల్' అనో 'జస్ట్ స్కాన్' అనో పెట్టి, డీవీడీ 4:3 అయితే పక్కల పట్టీలు వచ్చేలా ప్లేయర్లో సెట్ చేయండి. వీలైతే గది చీకటి చేయండి, 1970ల సినిమాలు చీకటి థియేటర్ కోసం తీసినవి, పగలు కిటికీ తెరిచి పెడితే సగం సీన్లు నల్లగానే ఉంటాయి.

డిస్క్‌లు పుస్తకాల్లా నిలబెట్టి పెట్టండి, అటక మీదా కారు షెడ్‌లోనూ వద్దు, ఆ వేడికి వంగిపోతాయి. తుడవాల్సి వస్తే మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో మధ్య నుంచి అంచుకి తుడవండి, గుండ్రంగా రుద్దొద్దు. ఇంటి దగ్గర పాత వీహెచ్ఎస్ క్యాసెట్లు ఉంటే చిన్న కిటికీలోంచి టేపు అంచు చూడండి, మన కోస్తా తేమకి తెల్లగా బూజు పడుతుంది. అలాంటిది మెషిన్‌లో పెడితే హెడ్‌కి అంటుకుంటుంది, తర్వాత పెట్టే మంచి క్యాసెట్టూ పోతుంది.

ఇక ఆన్‌లైన్లో కొన్న డిస్క్ ఇంటికి వచ్చిన రోజే ఒక పని చేయండి. సినిమా మొదట్నుంచి చూసే తీరిక లేకపోయినా ప్లేయర్లో పెట్టి చివరి చాప్టర్‌కి వెళ్ళి పది నిమిషాలు ఆడించండి, తర్వాత మధ్యలో ఒక చోట, ఇంకో చోట. పాడైన డిస్క్‌లు మొదట్లో బాగానే ఆడి చాలావరకు రెండో సగంలోనే ఆగుతాయి, మీరు వారం వారం వాయిదా వేసి చూసేసరికి వాపసు గడువు అయిపోయి ఉంటుంది.